మీ గోడ మీ ఇష్టం: నా నాలుగో వీడ్కోలు

సభకి అధ్యక్షత వహిస్తున్న మా ప్రొప్రైటరు గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన, పోయినసారీ వచ్చిన, అంతకు ముందూ వచ్చిన మా కెమిస్ట్రీ మేడమ్ గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకి, వెనక వరుసల్లో కూర్చుని ఇది ఎప్పటికి తెముల్తుందా అని చూస్తున్న మిత్రులకి, ఆఖరి కుర్చీలో, తలుపు పక్కన, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం.

మిమ్మల్ని ఎక్కువసేపు విసిగించను. ఈ మాట పోయిన సభలో కూడా అన్నానని, అన్నాక గంటసేపు విసిగించానని మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఎందుకంటే ఇది నా నాలుగో వీడ్కోలు సభ. (నవ్వులు) నవ్వండి నవ్వండి, మీకేం పోయింది. లోకంలో అందరూ ఒక్కసారి రిటైరై ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు, నాకు మాత్రం అది చేతకాలేదు. వెనకాల ఆ బ్యానరు చూడండి, తేదీ ఉండాల్సిన చోట తెల్లకాగితం అతికించారు. దాని కింద ఇంకో కాగితం ఉంది, దాని కింద మరోటి ఉంది. గోరుతో గీకుతూ పోతే నా పదవీ విరమణల చరిత్రంతా బయటపడుతుంది. ఫొటోగ్రాఫరు గారు ఇందాక నా చెవిలో, "సార్, పాత ఫొటోలే పెట్టేస్తాను, జుట్టు కాస్త తగ్గిస్తే సరిపోతుంది" అన్నారు. మొహమాటం లేని మనిషి. ఇక నాకిచ్చిన ఈ గోడ గడియారం మొదటి సభలో ఇచ్చిందే. నేను సోమవారం మళ్ళీ పనిలోకొచ్చేసరికి ప్రొప్రైటరు గారు దాన్ని నా బల్ల ఎదురుగా కొట్టించారు. ప్రతి సభకీ మేకు నుంచి దింపుతారు, రంగు కాగితం చుడతారు, చేతిలో పెడతారు. ఇప్పుడు కూడా కాగితం లోపల టిక్కుటిక్కుమంటోంది, వినండి.

కొత్తగా చేరినవాళ్ళు కొందరున్నారు కాబట్టి కథ మొదట్నించీ చెప్పాలి. ఇది స్కూళ్ళ గోడలకి చార్టులు వేసే ప్రెస్సు. గుండెకాయ, కప్ప జీవితచక్రం, ట్రాఫిక్ గుర్తులు, గ్రహాలు, ఇవన్నీ మనవే. నేను ఇక్కడ టైప్‌సెట్టర్ని. నేను వాడే సాఫ్ట్‌వేరు మిగతావాళ్ళు వాడేలాంటిది కాదు. మౌసు పట్టుకుని గీసే పనుండదు. ఆజ్ఞలు టైపు చెయ్యాలి. "ఇక్కడొక గడి, ఇంత వెడల్పు, ఈ రంగు, లోపల హైడ్రోజన్, మూలన ఒకటో నంబరు" అని రాసి మీట నొక్కితే అది కాసేపు ఆలోచించుకుని పేజీ కట్టి ఇస్తుంది. లేకపోతే అలుగుతుంది. అలిగితే ఫలానా వరుసలో డబ్బా పొంగింది అని ఒక ముక్క రాసి కూర్చుంటుంది. గడిలో పట్టనంత సరుకు కుక్కామని దానర్థం. ఒకప్పుడు నేను నిద్రలో "డబ్బా పొంగింది, డబ్బా పొంగింది" అని కలవరిస్తే, పాపం మా ఆవిడ లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసొచ్చేది.

ఒకనాడు ప్రొప్రైటరు గారు నన్ను పిలిచి, "ఏమండీ, మూలకాల పట్టిక అందరూ ఒకేలా వేస్తున్నారు. కస్టమరు ఎలా అడిగితే అలా మారే పట్టిక మనం వెయ్యలేమా?" అన్నారు. నేను "ఎందుకు వెయ్యలేమండీ" అన్నాను. ఆ ఒక్క మాట నోరు జారకపోయుంటే ఈపాటికి నేను మనవరాలికి సైకిలు నేర్పుతూ ఉండేవాణ్ణి. (నవ్వులు) మొదట్లో ముచ్చటగానే ఉండేదండీ. ఫైలు పైభాగంలో కొన్ని స్విచ్చులు పెట్టాను. రంగులు కావాలంటే ఒకటి, వద్దంటే సున్నా. పరమాణు భారం చూపించాలంటే ఒకటి, వద్దంటే సున్నా. స్విచ్చు వేసి మీట నొక్కడం, పట్టిక దానంతటదే సర్దుకోవడం. మొదటిరోజు ప్రెస్సులో అందరూ నా వెనక నిలబడి, రంగులు పోతుంటే "ఓహో", వస్తుంటే "ఆహా" అన్నారు. ప్రొప్రైటరు గారు ఉప్పొంగిపోయి, 'మీ గోడ మీ ఇష్టం' అని ప్రకటన అచ్చేయించారు. అచ్చేయించి ఆ కాగితాల కట్ట తీసుకెళ్ళి ఎవరి చేతిలో పెట్టారూ? మన సరేనండీ చేతిలో.

సరేనండీ అంటే మార్కెటింగ్ చూసే మన మిత్రుడు. అదుగో, మూడో వరుసలో తల దించుకున్నాడు. ఇతని అసలు పేరు జీతాలిచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. కస్టమరు ఏమడిగినా ఇతని నోట వచ్చే మాట అదొక్కటే. దేవుడు అందరికీ ఔను, కాదు అని రెండు మాటలిచ్చి ఇతనికి మాత్రం ఒక్కటే ఇచ్చి పంపించేశాడు. మంచివాడు, చాలా మంచివాడు, అందుకే ఇంత నష్టం జరిగింది.

నా మొదటి వీడ్కోలు సభ జరిగిన రోజున, నేను ఇలాగే మాట్లాడి 'సెలవు' అని కూర్చోబోతుండగా సరేనండీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోను చేశారట. వాళ్ళ సైన్సు గదిలో ఖాళీగా ఉన్న గోడ ఒక్కటే, దాని నడిమధ్యన కిటికీ ఉంది. "కిటికీకి అడ్డం రాకుండా పట్టిక వేస్తారా?" అందావిడ. మనవాడు "సరేనండీ" అన్నాడు. అంటే ఏమిటయ్యా? పట్టిక మధ్యలో కిటికీ అంత కన్నం పెట్టాలి. ఆ కన్నం పడేచోట ఉండేది ఎవరు? ఇనుము, కోబాల్టు, నికెలు. వాటి కింద పల్లాడియం, ప్లాటినం, అన్నీ గౌరవనీయులైన లోహాలు. వీళ్ళందర్నీ ఉన్నపళాన ఎక్కడికి పంపుతాం? సరే, ఒక్క వారమే కదా అని సోమవారం వచ్చి కూర్చున్నాను. 'కిటికీ' అని ఒక స్విచ్చు రాశాను. అది వేస్తే ఇనుము ఎడమకి జరుగుతుంది, నికెలు కుడికి జరుగుతుంది, కోబాల్టు కిటికీ చట్రం పైన సర్దుకుని కూర్చుంటుంది. అచ్చేసి పంపాం. హెడ్‌మిస్ట్రెస్ గారు అతికించుకుని, సంతోషించి, గాలి కోసం కిటికీ తెరిచారు. తలుపులు లోపలికి తెరుచుకునేవట. సగం పట్టిక వాటి వెనక్కి పోయింది. సరేనండీకి ఫోను చేసి, "ఏమండీ, తెరిచిన కిటికీకి వేరే స్విచ్చు ఉందా?" అనడిగారు. లేదని చెప్పు బాబూ అని నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను, ఇతను "సరేనండీ" అనేశాడు.

ఆ తర్వాత చిన్నపిల్లల బడి ఒకటి. అక్కడ తల్లిదండ్రుల కమిటీ కూర్చుని తీర్మానం చేసింది, పిల్లలుండే గదిలో రేడియోధార్మిక మూలకాలు ఉండకూడదని. మేడమ్, మీరు కళ్ళు మూసుకోకండి, నేను నిజమే చెప్తున్నాను. "అవి కాగితం మీద పేర్లే కదండీ" అని నేను ఫోన్లో ఎంతో వినయంగా చెప్పాను. "కాగితమైనా మా జాగ్రత్త మాది" అన్నారు. 'భద్రత' అని స్విచ్చు పెట్టి యురేనియం వగైరాలు తీసేశాను. ఆఖరి వరుస పళ్ళూడిన నోరులా తయారైంది. సరే పోనీ అనుకుంటే, ఆర్సెనిక్ విషం కదా అన్నారు, తీశాను. పాదరసం, తీశాను. క్లోరిన్ ఘాటు, తీశాను. ఆ కమిటీలో ఒక తండ్రి అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు. ఆయన లేచి, మంటలు అంటుకోడానికి అసలు కారణం ఆక్సిజన్ అన్నాడు. (నవ్వులు) అది కూడా తీసేశానండీ. మొత్తం మీద ఆ బడి గోడ మీద భద్రంగా మిగిలినవాళ్ళలో నియాన్ ఒకడు. వాడు ఎవరి జోలికీ వెళ్ళడు కాబట్టి బతికిపోయాడు.

నా రెండో వీడ్కోలు సభని చెడగొట్టింది బంగారం కొట్టాయన. కొట్టు గోడకి పట్టిక కావాలి, చదువుకున్న ఖాతాదారులు ముచ్చట పడతారు అన్నాడు. కానీ బంగారం మొదటి గడిలో ఉండాలి. హైడ్రోజన్ అక్కడెందుకు, నా కొట్లో ఇన్నేళ్ళలో ఒక్కరూ హైడ్రోజన్ అడగలేదు అన్నాడు. ఆలోచిస్తే ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ కనపడదు. బంగారాన్ని తీసుకొచ్చి మొదట్లో కూర్చోబెట్టాను. నా సాఫ్ట్‌వేరు నంబర్లు దానంతటదే వేసుకుంటుంది, అది దాని గొప్పతనం, నా ఖర్మ. బంగారానికి ఒకటో నంబరు వచ్చింది, హైడ్రోజన్‌కి రెండు, హీలియంకి మూడు, అలా వరసగా ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు దిగిపోయారు. ఆ పట్టిక ఆరబెట్టిన రోజున మేడమ్ గారు ఇంకో పని మీద ప్రెస్సుకి వచ్చారు. దాని ముందు నిలబడ్డారు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నావైపు ఒక చూపు చూశారు. "జీవితమంతా పిల్లలకి హైడ్రోజన్ ఒకటి అని చెప్పానండీ" అన్నారు. అంతే, వెళ్ళిపోయారు. చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నా మూడో వీడ్కోలు సభకి మాత్రం వచ్చారు, వచ్చి నా గురించి నాలుగు మంచిమాటలు నా మొహం చూడకుండా చెప్పారు. మేడమ్, ఇవాళ చూసి చెప్పారు. నాకది ఈ గడియారం కన్నా ఎక్కువ.

మూడోసారి సభకి అపార్టుమెంట్ సెక్రటరీ గారు స్వయంగా వచ్చేశారు. ఎవరో బంధువనుకుని మనవాళ్ళు టీ బిస్కట్లు కూడా ఇచ్చారు. ఆయనకి మూలకాలు అక్కర్లేదు, గడులు కావాలి. గడికో ఫ్లాటు, అందులో ఆ కుటుంబం పేరు. కింద మెట్ల దగ్గర పెడతాం అన్నారు. నేను పట్టిక పద్ధతి వివరించాను. ఎవరితోనూ కలవనివాళ్ళు కుడిచివర నిలువు వరుసలో ఉంటారండీ, నీళ్ళు తగిలితే భగ్గుమనేవాళ్ళు ఎడమచివర వరుసలో ఉంటారండీ అని. ఆయన మొహం వెలిగిపోయింది. "నీళ్ళ దగ్గర భగ్గుమనేవాళ్ళా? రాసుకోండి" అని గడగడా పేర్లు చెప్పేశారు. పట్టిక పెట్టిన సాయంత్రమే ఎడమ వరుసవాళ్ళంతా ఒక్కటై సెక్రటరీ గారి తలుపు బాదారు. కుడి వరుసవాళ్ళు మాత్రం ఏమీ అనలేదు, ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకున్నారు. దాంతో పట్టికే నిజమని తేలింది. (నవ్వులు, చప్పట్లు) అప్పట్నించీ సెక్రటరీ గారు 'వరుస మార్పు' అని ఒక స్విచ్చు అడుగుతూనే ఉన్నారు.

మరి ఇంకొకరికి నేర్పొచ్చు కదా అంటారు. నేర్పాను. మన ప్రూఫ్ రీడరు కామా గారు ధైర్యం చేసి ఒకరోజు నా కుర్చీలో కూర్చున్నారు. ఒక్క స్విచ్చు ముట్టుకున్నారు. పట్టికంతా విడిపోయి ఒకే వరుసయిపోయింది, హైడ్రోజన్ నుంచి ఆఖరి మూలకం దాకా ఒక్కటే గీత, గడి పక్కన గడి. సరే, తెర మీద కదా, సరిదిద్దుకుందాం అని ఆయన టీ తాగొచ్చేలోపు ఫైలు మిషను గదిలోకి వెళ్ళిపోయింది. మన మిషనాయన నియమం మీకు తెలిసిందే. ఫైలొస్తే కొడతాడు, తప్పొప్పులు ఆయనకి అక్కర్లేదు. కాగితం చుట్ట పెట్టి కొడుతూనే ఉన్నాడు. ఆ పట్టిక మిషను గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గేటు దాకా, గేటు దాటి వీధిలోకి వచ్చేసింది. కార్బన్ వచ్చేసరికే కామా గారు పరుగెత్తుకొచ్చి ఆపండి ఆపండి అన్నారట. మిషనాయన మిషను చప్పుడులో తల ఊపి ఇంకా వేగం పెంచాడు. ఇదో కొత్తరకమేమో అని సరేనండీ దాన్ని ఒక పెళ్ళిమండపం వాళ్ళకి అమ్మేశాడు కూడా. కామా గారు మళ్ళీ నా కుర్చీ వైపు చూడలేదు. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు లోలోపల కాస్త సంతోషమేసింది. నేను లేకపోతే ఈ పట్టిక నిలబడదు కదా అని. మనిషన్నాక ఆ పిచ్చి ఉంటుంది.

(మంచినీళ్ళు తాగి) ఇప్పుడు మా ఆవిడ గురించి కాస్త చెప్పాలి. ఆవిడకి ఇష్టముండదు, అయినా చెప్తాను. ఆవిడ రైల్వే స్టేషన్‌లో టికెట్ల కౌంటర్లో పనిచేసింది. అద్దానికి చిన్న కన్నం ఉంటుంది చూడండి, దాని వెనకాల. లోకమంతా ఆ కన్నంలో చెయ్యి పెట్టి టికెట్టు తీసుకుని ఎక్కడెక్కడికో పోయింది, ఆవిడ మాత్రం ప్లాట్‌ఫారం చివరికంటా కూడా పోలేదు. ఆ లైన్లో ఆఖరి స్టేషన్ ఒకటుంది. రోజూ దానికి టికెట్లు కొడుతూనే ఉండేది. అక్కడికి వెళ్ళాలని ఆవిడ కోరిక. "అక్కడేముందే?" అని ఒకసారి అడిగాను. "ఏమో, నాకేం తెలుసు. కొనుక్కునేవాళ్ళ మొహాలు మాత్రం బాగుండేవి" అంది.

ఆవిడకీ వీడ్కోలు సభ జరిగిందండీ. ఒక్కటే జరిగింది. మర్నాడు ఆ కౌంటరు మూసేసి అక్కడ టికెట్ల మిషను పెట్టారు. ఆ తర్వాత ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఫోను చెయ్యలేదు. "అమ్మా, ఫలానా టికెట్టు ఎలా కొట్టాలి, ఫలానా రైలుకి ఎక్కడ మారాలి" అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళు ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడికి ఫోను తెచ్చుకుని పక్కన పెట్టుకునేది. ఇంట్లో నా ఫోను మోగుతూనే ఉండేది. బంగారం, కిటికీ, ఆక్సిజన్. ఆవిడే తీసి, "మీకే" అని ఇచ్చేది. నేను గొప్పగా అందుకునేవాణ్ణి. నాకప్పుడు తట్టలేదండీ.

నా ప్రతి వీడ్కోలుకీ ఆవిడ ఆ ఆఖరి స్టేషన్‌కి రెండు టికెట్లు తీసింది. ప్రతిసారీ నేను సోమవారం ప్రెస్సుకి వచ్చాను, ఆవిడ టికెట్లు రద్దు చేయించడానికి తన స్టేషన్‌కే వెళ్ళి, తన కుర్చీ ఉండే చోట పెట్టిన మిషను ముందు నిలబడింది. ఇవాళ పొద్దున సంచీ సర్దుతూ, "సాయంత్రమే రైలు. ఈసారి రద్దు చెయ్యను" అంది.

"చెయ్యక్కర్లేదులేవే, వస్తాగా" అన్నాను.

"వస్తే మీ సీట్లో మీరు కూర్చోండి. రాకపోతే సంచీ కూర్చుంటుంది. సంచీయే నయం, కిటికీ పక్క సీటు నాకొదిలేస్తుంది."

అందుకే ఆ సంచీ తీసుకుని నేరుగా ఇక్కడికే వచ్చింది. ఇక్కణ్ణుంచి ఇద్దరం స్టేషన్‌కి వెళ్తాం. ఈ మాట సభాముఖంగా చెప్తున్నాను, ఇక్కడున్నవాళ్ళంతా సాక్షులు. అధ్యక్షుల వారు కూడా సాక్షే. (చప్పట్లు) అధ్యక్షా, చప్పట్లు మీరు కొట్టలేదు, నేను చూశాను.

కాబట్టి ఇక ముగిస్తాను. ప్రొప్రైటరు గారు నాకు అన్నం పెట్టారు, అది మర్చిపోను. నన్ను ఇంటికి పోనివ్వలేదు, అది కూడా మర్చి... ఏంటయ్యా? ఏంటి, వేదిక ఎక్కేస్తున్నావ్? చూడండి, చూడండి, సరేనండీ వచ్చేశాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని వచ్చేశాడు. (నవ్వులు) వద్దు బాబూ. నేను వినను. ఎవరికైనా ఇంట్లో స్తంభానికి పట్టిక చుట్టాలనుంటే వాళ్ళ ఖర్మ. బావిలోపల అతికించుకోవాలన్నా నాకు సంబంధం లేదు. ఏమిటి? ఏ మార్పూ... మళ్ళీ చెప్పు. నాకు సరిగ్గా వినపడలేదు. కాగితం మీద రాసివ్వు.

ఉండండి, కళ్ళజోడు.

(చదివి) ఎవరో ప్రిన్సిపాల్. కొత్తగా పెట్టిన బడి. "మాకు మామూలు మూలకాల పట్టిక కావాలి. ఏ మార్పూ వద్దు. అసలు ఎలా ఉంటుందో అలాగే కావాలి."

(కాగితం మళ్ళీ చదివి)

అయ్యా, మీకు అర్థమవుతోందో లేదో. ఎవరూ అడగలేదండీ ఇన్నాళ్ళూ. ఒక్కరూ అడగలేదు. మామూలు పట్టిక! హైడ్రోజన్ ఒకటో గడిలో, హీలియం ఆ చివర, మధ్యలో ఇనుము దాని చోట అది, ఆక్సిజన్ ఉన్నచోటే ఉండి... మేడమ్, విన్నారా మీరు? మేడమ్ గారికి కళ్ళనీళ్ళొచ్చాయి. కానీ ఒక చిక్కుంది. మామూలు పట్టికకి నా దగ్గర స్విచ్చు లేదు. నిజం! అడిగినవాళ్ళకల్లా ప్రతి ముక్కనీ విడదీసి స్విచ్చు కింద పెట్టేశాను. గీతలు స్విచ్చు, గడులు స్విచ్చు, మూలకాలు ఒక్కొక్కటీ ఒక్కో స్విచ్చు. అన్ని స్విచ్చులూ ఆపేస్తే వచ్చేది తెల్లకాగితం. అన్నీ వేస్తే డబ్బా పొంగుతుంది. లోకంలో ఉన్న పట్టికలన్నీ వేస్తుంది నా ఫైలు, ఒక్క మూలకాల పట్టిక తప్ప! (నవ్వులు) నవ్వకండి, ఇది నవ్వే సంగతి కాదు. చెయ్యొచ్చు. ఎందుకు చెయ్యలేం? ముందు కిటికీ మూసెయ్యాలి. బంగారాన్ని దాని చోటికి పంపెయ్యాలి, నంబర్ల లెక్క మళ్ళీ మొదట్నించీ కట్టాలి. కామా గారూ, మీరు పక్కన కూర్చుని చదివితే చాలు, స్విచ్చులు ముట్టుకోకండి. మిషనాయనా, ఒక్క కాపీ, నేను చెప్పేదాకా రెండోది కొట్టొద్దు. సోమవారం పొద్దున్నే మొదలుపెడితే...

ఏమే, విన్నావా, ఆఖరికి మామూలు...

ఏదీ?

ఆ చివరి కుర్చీలో ఉండాలి కదా. ఎవరైనా చూశారా? వాచ్‌మన్ గారూ, మీరు తలుపు దగ్గరే ఉన్నారుగా. మా ఆవిడేదీ? వెళ్ళిపోయిందా? ఎప్పుడు? సోమవారం అన్నప్పుడా? అంతకు ముందే... కళ్ళజోడు పెట్టుకున్నప్పుడే లేచిందా. ఏమైనా చెప్పిందా మీతో? ఏమీ చెప్పలేదా. మీరు తలుపు తీయబోతే కూడా వద్దని, తనే చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిందా.

(కాగితం మడిచి)

ఇక నేను ఏ కాగితం చదవను. సరేనండీ, ఇది తీసుకో. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారి ఫోన్లో 'కుదరదండీ' అని చెప్పు. నోరు తిరగకపోతే నెమ్మదిగా చెప్పు. మేడమ్, ఆ బడికి మీరు వెళ్ళండి. మీకు కంఠతా వచ్చు, గోడ మీద సుద్దముక్కతో గీసి చూపించండి, నా సాఫ్ట్‌వేరు కన్నా బాగా వేస్తారు. అధ్యక్షా, మీ మీద నాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది. రెండూ తీరిగ్గా కూర్చుని చెప్పాలని రాసుకొచ్చాను, ఇప్పుడంత టైము లేదు. మీ అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మిషనాయనా, మీ స్కూటరు బయటే ఉందా? తాళాలు నాకివ్వకండి, నాకు నడపడం రాదు, మీరే రండి. దారిలో ఎవరేం చెప్పినా మీరు ఎప్పుడూ విన్నది లేదు కదా, ఇవాళ కూడా వినకుండా పోనివ్వండి. జరగండి, జరగండి బాబూ, దారివ్వండి.

పోయిన ప్రతి సభలోనూ ఆఖర్న వెళ్ళొస్తానని అన్నాను. ఊరికే వెళ్తానని అనకూడదని చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది. అన్నట్టుగానే ప్రతిసారీ వచ్చాను. ఈసారి వెళ్తున్నాను, అంతే. సెలవు.